గేటుకీ గుమ్మానికీ మధ్య చిన్న తోట: రోడ్డు మీదివాళ్లకి ఇల్లు కనబడకుండా ఎలా?

తూర్పుగుమ్మం: హైదరాబాద్ శివార్లలో తూర్పు ముఖం ఇల్లు. గేటు నుంచి మెట్ల దాకా 12 అడుగులు, వెడల్పు 16. ప్రహరీ 4 అడుగులు, అరుగు ఎత్తు రెండున్నర. దారినపోయేవాళ్లకి హాలు దాకా కనిపిస్తోంది. పూలమొక్కలు, తులసికోట కావాలి. ప్రహరీని 7 అడుగులకి లేపేస్తే సరిపోతుందా అండీ?

గోడపని: లేపకండి. సన్న గోడని మూడడుగులు పెంచితే గాలివానకి ఒరుగుతుంది, పొద్దుటి ఎండా పోతుంది. గుమ్మానికి ఎదురుగా, గేటుకి 4 అడుగులు లోపల జాలీ గోడ చాలు. ఎత్తు ఎంతో ముందు చూసుకోండి. ఒకరు అరుగు మీద కుర్చీలో కూర్చోవాలి, ఒకరు రోడ్డుకి అవతలి అంచున నిలబడాలి. గోడ రావలసిన చోట ఇద్దరు దుప్పటి పట్టుకుని మెల్లగా పైకెత్తాలి. కూర్చున్నవారి తల ఎప్పుడు మరుగైతే అదే మీ గోడ ఎత్తు. మీ కొలతలకి 6 అడుగుల దగ్గర ఆగుతుంది.

6 అడుగుల వెడల్పుకి కింద 2 అడుగులు ఇటుక, పైన 8 అంగుళాల మట్టిజాలీలు 54. పగిలేవాటికి ఇంకో 6 తెప్పించండి. రెండు చివరలా 9 అంగుళాల పిల్లర్లు పోసేటప్పుడే రెండు జాలీ వరసలకొకటి చొప్పున 6 ఎంఎం ఇనప చువ్వలు జాలీల మధ్యకి వచ్చేలా బయటికి వదలాలి. ఇది మరిచిపోతే పిల్లలు పట్టుకుని ఊగినా జాలీ ఊడొస్తుంది. నల్లరేగడి నేలైతే గట్టి నేల తగిలేదాకా పునాది దించండి. పక్కన దారి 4 అడుగులు ఉండాలి, బీరువా లోపలికి వెళ్లాలి కదా.

నీటివాటం: బండలు వేసేముందు వాటం. 12 అడుగులకి గేటు వైపు 2 అంగుళాలు దిగాలి. మడిలో మట్టి అంచుకి 2 అంగుళాలు కిందే ఆపండి, లేదంటే ప్రతి వానకీ ఎర్రనీళ్లు దారి మీదికొస్తాయి. ఇంటి గోడకి ఆనించి మట్టి పోస్తే చెమ్మ, చెదలు తప్పవు. అడుగున్నర వదిలేయండి. ప్రహరీ వెంట మడి కడితే లోపలివైపు వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేయించి, అడుగున ప్రతి 3 అడుగులకీ అంగుళం పైపు ముక్క పెట్టించండి. నడవడానికి గరుకు తాండూరు బండ మేలు. పాలిష్‌ది వానలో జారుతుంది.

తూర్పుగుమ్మం: చాలా థ్యాంక్సండీ. పారిజాతం, రాధామనోహరం అనుకుంటున్నాం.

పూలమడి: పారిజాతం తప్పకుండా పెట్టండి. రాత్రి పూసి తెల్లారేసరికి రాలుతుంది, పూజకి ఆ రాలిన పూలే ఏరుకుంటారు. అందుకే దాని కింద కంకర పోయొద్దు, దారి మీదికి వంగేలా పెట్టొద్దు. తొక్కితే నారింజరంగు కాడల మరక బండకి పడుతుంది. గుంత 2 అడుగుల చదరం, 2 అడుగుల లోతు.

రాధామనోహరం వద్దు, అంత బరువు జాలీ మోయలేదు. సన్నజాజి పాకించండి. ప్రహరీ వెంట నందివర్ధనం రెండున్నర అడుగులకొకటి, కత్తిరిస్తూ ఉంటే ఒత్తుగా గుబురు కడుతుంది. పసిపిల్లలుంటే గన్నేరు జోలికి పోకండి, ఆకు నుంచి గింజ దాకా విషమే.

మడి 12 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతైతే 27 ఘనపుటడుగులు పడుతుంది: 14 ఎర్రమట్టి, 7 బాగా మాగిన పశువుల ఎరువు, 6 కొబ్బరిపొట్టు. పచ్చిపేడ కలిపితే వేరుపురుగు చేరుతుంది.

తులసికోట మాత్రం జాలీ వెనక కట్టొద్దు, పొద్దుటి ఎండంతా ఆ గోడే తినేస్తుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం నుంచి వస్తాడు కాబట్టి నీడ వాయవ్యానికి పడుతుంది. జాలీ లేచాక ఉదయం 8కీ 10కీ నేల మీద ముగ్గుతో నీడ గీతలు వేసి, అవి తగలని చోట కోట పెట్టండి.