అప్‌డేట్: డేటాబేస్ బ్యాకప్ సగంలో ఆగిపోయే సమస్య తీరింది

మా గ్రంథాలయం పుస్తకాల జాబితా ఉన్న మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను పీహెచ్‌పీమైఅడ్మిన్ అనే బ్రౌజర్ టూల్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫైల్ సగమే వస్తోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

కమాండ్ లైన్ నుంచి మైఎస్‌క్యూఎల్‌డంప్ (డేటాబేస్‌ను ఒక ఫైల్‌గా రాసిపెట్టే ప్రోగ్రామ్) వాడమన్న సలహా పనిచేసింది. అసలు కారణం టైమ్ లిమిట్, అంటే ఒక పని అంతకు మించి నడవకుండా పెట్టిన గడువు. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో మామూలుగా అది 300 సెకన్లు. మా సర్వర్‌లో ఇంకా తక్కువ ఉందని హోస్టింగ్ సపోర్ట్ వాళ్లు చూసి చెప్పారు. బ్రౌజర్‌కీ నెట్ స్పీడ్‌కీ దీంతో సంబంధమే లేదు.

మా టేబుల్స్ అన్నీ ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ డేటాను దాచే ఒక పద్ధతి) రకానివి. అందుకే టేబుల్స్‌ను లాక్ చేయకుండా బ్యాకప్ తీసే సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెట్టాను, బ్యాకప్ నడుస్తున్నా కౌంటర్‌లో పుస్తకాలు ఇవ్వడం ఆగలేదు. మైఐసామ్ అనే పాత రకం టేబుల్స్ ఉన్నవాళ్లకు మాత్రం ఈ ఆప్షన్ ఉపయోగపడదు. తెలుగు అక్షరాలు చెడిపోకుండా క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఇచ్చాను.

డంప్ ఫైల్ చివరి లైన్‌లో ‘డంప్ కంప్లీటెడ్’ అని ఇంగ్లిష్‌లో ఉంటే అది చివరిదాకా వచ్చినట్టే. అయినా మనసు ఊరుకోక, వేరే కంప్యూటర్‌లో ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి ప్రతి టేబుల్‌లో వరుసల లెక్క పోల్చాను. అన్నీ సరిపోయాయి, తెలుగు పేర్లు కూడా చక్కగా కనిపిస్తున్నాయి. మీరూ ఈ పరీక్ష తప్పకుండా చేయండి.