రూట్ కెనాల్ ఫిల్లింగ్ మీద ఏఐ ఇచ్చే తీర్పు ఎంతవరకు పట్టించుకోవాలి?

మోలార్36 (తిరుపతి):
మా క్లినిక్‌లో ఆర్‌వీజీ (పళ్లకు తీసే డిజిటల్ ఎక్స్‌రే) ఉంది. ఎక్స్‌రేలు చదివే ఒక ఏఐ సాఫ్ట్‌వేర్‌ను ట్రయల్ మీద వాడుతున్నాం. మూడు కేసుల్లో పేచీ వచ్చింది.

36వ నంబరు పన్నులో (కింది మొదటి మోలార్) డిస్టల్ కెనాల్ (వెనకవైపు వేరు కాలువ) ఫిల్లింగ్ 2.4 మి.మీ. పొట్టిగా ఉందంటోంది. ఎపెక్స్ లొకేటర్‌తో (వేరు కొసను విద్యుత్తుతో కనిపెట్టే పరికరం) వచ్చిన వర్కింగ్ లెంగ్త్ (కాలువలో పని చేయాల్సిన పొడవు) 20 మి.మీ., గట్టా పెర్చా కోన్ (కాలువ నింపే రబ్బరు పుల్ల) కూడా అంతే పెట్టాం. 45 (కింది రెండో ప్రీమోలార్) వేరు చివర ఎర్ర డబ్బా గీసి లీజన్ (జబ్బు మచ్చ) అంటోంది, ఆ పన్నేమో కోల్డ్ టెస్ట్‌కు (చల్లదనం తగిలించి నరం బతికుందో చూసేది) మామూలుగానే స్పందిస్తోంది. 11లో (పై ముందు పన్ను) గట్టా పెర్చాకు రెండు పక్కలా పొడవునా వాయిడ్ (ఖాళీ) చూపిస్తోంది. క్లౌడ్‌కి జేపెగ్‌లే పంపుతున్నాం.

ఏడాది తర్వాతి ఫాలోఅప్ కూడా దీంతోనే పోల్చాలని ఆలోచన. దర్శనానికి వచ్చి నొప్పితో క్లినిక్ మెట్లెక్కేవాళ్లు చాలామంది, ఆ తర్వాతి ఎక్స్‌రేలు వాళ్ల ఊరినుంచే రావాలి. దేన్ని నమ్మొచ్చు, దేన్ని వదిలేయాలి?

ఎండో_చిత్తూరు:
ముందు 45 సంగతి. దాన్ని మాత్రం తెరవకండి సార్. ఆ జాగాలో నల్లగా గుండ్రంగా కనబడేది చాలాసార్లు మెంటల్ ఫొరామెనే (దవడ ఎముకలో నరం బయటికొచ్చే సహజ రంధ్రం). ట్యూబ్‌ను అడ్డంగా ఓ 20 డిగ్రీలు జరిపి ఇంకో ఫొటో తీయండి. మచ్చ వేరు కొసను వదిలి పక్కకి పోతే ఫొరామెన్, కొసనే అంటిపెట్టుకుని ఉంటే అనుమానించాలి. లామినా డ్యూరా (వేరు చుట్టూ ఉండే పలుచటి తెల్ల ఎముక) గీత తెగకుండా వేరు చుట్టూ తిరిగిందా అనేది కూడా చూడండి. పై ముందు పళ్ల దగ్గర ఇన్సిసివ్ ఫొరామెన్, పై మోలార్ల దగ్గర సైనస్ అడుగు ఇలాగే బోల్తా కొట్టిస్తాయి.

36లో నాకు అనుమానం స్కేలు మీద. జేపెగ్‌గా మార్చేటప్పుడు పిక్సెల్ సైజు సమాచారం పోతుంది, సాఫ్ట్‌వేర్ తనకు తోచిన స్కేలు వేసుకుంటుంది. వేలితో పట్టించి తీసిన ఫొటో అయితే యాంగిల్ తేడాకి పన్ను సాగొచ్చు, కుంచించుకుపోవచ్చు. అదే ఫొటోలో మీరు రిఫరెన్స్‌గా తీసుకున్న కస్పు (పన్ను పై మొన) నుంచి గట్టా పెర్చా కొస దాకా వాళ్ల రూలర్‌తోనే కొలవండి. 20 రావాల్సిన చోట 26 వచ్చిందనుకోండి, 2.4ను 1.3తో భాగిస్తే దాదాపు 1.85. రేడియోగ్రాఫిక్ ఎపెక్స్‌కు (ఫొటోలో కనబడే వేరు కొస) 2 మి.మీ. లోపు ఉంటే పొడవు సరిపోయినట్టే లెక్క. ఎపికల్ ఫొరామెన్ (కాలువ చివరి రంధ్రం) చాలా వేర్లలో కొసన కాకుండా పక్కకి తెరుచుకుంటుంది, కాబట్టి లొకేటర్ ప్రకారం సరిగ్గా ఆగినా ఫొటోలో కొంచెం పొట్టిగానే కనబడుతుంది.

ఓఎండీఆర్_తిరుపతి:
11లోది షార్పెన్ ఫిల్టర్ తెచ్చిన తంటా అనిపిస్తోంది. తెల్లటి గట్టా పెర్చా అంచు వెంట ఫిల్టర్ ఒక నల్లటి గీతను పుట్టిస్తుంది, మోడల్ దాన్ని ఖాళీ అనుకుంటుంది. గుర్తుపట్టడం తేలికే. ఫిల్టర్ గీత రెండు పక్కలా ఒకే మందంతో పైనుంచి కింది దాకా నడుస్తుంది. నిజమైన వాయిడ్ వంకరటింకరగా, ఎక్కడో ఒకచోట మొదలై మధ్యలో ఆగిపోతుంది. ఫిల్టర్లన్నీ తీసేసి డైకామ్‌గా (పిక్సెల్ కొలతలు ఉండే వైద్య ఫొటో ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ పెట్టి చూడండి.

ఫాలోఅప్‌కి వస్తే, యాంగిల్ మారితే పోలికకి అర్థం లేదు. పారలల్ హోల్డర్ (సెన్సర్‌ను పన్నుకు సమాంతరంగా నిలిపే పట్టు) బైట్ బ్లాక్ (పేషెంటు కరిచే దిమ్మ) మీద సిలికాన్ పుట్టీతో పేషెంటు కాటు అచ్చు తీసి, పేరు రాసి దాచుకోండి. మళ్లీ తీసేటప్పుడు అదే అచ్చులో కరిపించాలి. పొరుగూరివాళ్లకి చీటీలో "పారలల్ హోల్డర్‌తో, వేరు చివర దాటి కనీసం 3 మి.మీ. ఎముక పడేలా" అని రాసివ్వండి. వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపమనండి. మానిటర్‌ను ఫోన్‌తో తీసిన ఫొటోని ఏఐకి పెట్టడం దండగ.

స్కోరు రాయడానికి 1986లో ఓర్‌స్టావిక్ బృందం ఇచ్చిన పీఏఐ (వేరు కొస ఎముకకు 1 నుంచి 5 దాకా ఇచ్చే స్కోరు) చాలు. 1, 2 ఆరోగ్యం కింద, 3 నుంచి 5 జబ్బు కింద లెక్క. అయితే ఏడాదికి 4 కాస్తా 3 అయితే అది ఫెయిల్యూర్ కాదు, మానుతున్న గుర్తు. యూరోపియన్ ఎండోడాంటిక్ సొసైటీ మార్గదర్శకాల్లో అలాంటివాటిని 4 ఏళ్ల దాకా గమనించమనే ఉంది. ఏ ఒక్క ఫొటోనో చూసి "లీజన్ ఉంది" అనే సాఫ్ట్‌వేర్‌కి ఇది తెలియదు. తట్టినప్పుడు నొప్పి, చీము దారి, వాపు ఉన్నాయా అన్నదీ దానికి తెలియదు.

పిక్సెల్_ఏర్పేడు:
ఏఐని మరీ అంతగా తీసిపారేయకండి. లెక్క చూస్తే ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. 100 పళ్లలో 10కి నిజంగా లీజన్ ఉందనుకుందాం. సెన్సిటివిటీ (ఉన్న జబ్బును పట్టడం) 80 శాతం, స్పెసిఫిసిటీ (లేనిచోట లేదనడం) 90 శాతం ఉన్న మోడల్ 8 పట్టుకుంటుంది, 90 మంచి పళ్లలో 9కి ఉత్తినే డబ్బా గీస్తుంది. మొత్తం 17 డబ్బాల్లో సగానికి పైగా తప్పుడువే. మోడల్ చెడ్డది కాకపోయినా ఇంతే. అందుకే ముందు మీరు చదివి స్కోరు రాసుకుని, ఆ తర్వాతే ఏఐ తెర తెరవండి. డబ్బా ముందే చూస్తే కళ్లు అక్కడికే పోతాయి.

మీ ఫొటోలతో మోడల్‌కి మళ్లీ ట్రైనింగ్ ఇప్పిస్తే పేషెంట్ల వారీగా విడదీయమని గట్టిగా చెప్పండి. ఒకే మనిషి ముందు ఫొటో ట్రైనింగ్‌లో, తర్వాతి ఫొటో టెస్ట్‌లో పడితే మార్కులు ఉత్తుత్తిగా పెరుగుతాయి.

మోలార్36:
రూలర్‌తో కొలిచి చూస్తాను. సీబీసీటీ (3డీ ఎక్స్‌రే స్కాన్) తీస్తే ఈ గొడవంతా పోతుందా?

ఓఎండీఆర్_తిరుపతి:
పోదు, వేరే గొడవ మొదలవుతుంది. గట్టా పెర్చా, మెటల్ పోస్టుల చుట్టూ బీమ్ హార్డెనింగ్ (దట్టమైన పదార్థం గుండా పోయేటప్పుడు ఎక్స్‌రే మారడం) వల్ల నల్లచారలు పడతాయి. వాటిని మోడలే కాదు, మనుషులు కూడా వాయిడ్ అనో, వేరు చీలిందనో పొరబడతారు. లక్షణాలు ఉండి, రెండు యాంగిల్స్ ఫొటోలతోనూ తేలకపోతే, లేదా పై మొదటి మోలార్‌లో ఎంబీ2 (ముందు బుగ్గవైపు వేరులోని రెండో కాలువ) వదిలేశారేమో అని అనుమానం ఉంటే అప్పుడు చిన్న ఫీల్డ్‌తో, 5×5 సెం.మీ. చాలు, తీయించండి. ప్రతి ఫాలోఅప్‌కీ వద్దు. ఇంకొకటి, డైకామ్ ఫైల్ హెడర్‌లో పేషెంటు పేరు, పుట్టినతేదీ ఉంటాయి. క్లౌడ్‌కి ఎక్కించే ముందు అవి తుడిపేయండి.