మిత్రపురుగులు, జీవ శిలీంధ్రాలు: వాడినవారి అనుభవాలు (చర్చ)

పచ్చనిచేను:
కాయతొలుచు పురుగు కోసం ట్రైకోకార్డులు (ట్రైకోగ్రామా అనే మిత్రకీటకం ఉన్న గుడ్లు అంటించిన అట్టముక్కలు) కట్టినవారిలో కొందరు సంతృప్తిగా ఉండగా, మరికొందరు కొద్ది రోజులకే విసిగి మళ్ళీ పురుగుమందు వైపు మళ్ళుతున్నారు. రసాయనానికి ఉన్న వేగం జీవికి ఉండదన్నది నిజమే గానీ, దానికి కావలసిన పరిస్థితులు కల్పించామా లేదా అని చూడకుండా ‘ఇది పనిచేయదు’ అని తీర్మానించడం న్యాయం కాదని నా అభిప్రాయం. కీటకమైనా, శిలీంధ్రమైనా, వైరస్ అయినా సరే, పురుగు ఏ దశలో ఉండగా, ఏ వేళలో, ఎలా వాడారో వివరంగా రాయవలసిందిగా అందరినీ కోరుతున్నాను.

గుడ్డుదశ:
ట్రైకోగ్రామా విషయంలో ఫలితమంతా సమయం మీదే ఆధారపడి ఉంటుంది. సుమారు అర మిల్లీమీటరు పొడవుండే ఈ బదనిక (వేరే పురుగుల మీద ఆధారపడి పెరిగే కీటకం) తన గుడ్లను రెక్కల పురుగు పెట్టిన గుడ్ల లోపల పెడుతుంది. కాబట్టి పిల్లపురుగులు బయటికి వచ్చి ఆకులు తింటున్నప్పుడు కార్డులు కడితే ఆ పురుగులను అది ఏమీ చేయలేదు. నేను ముందుగా లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించేవి) పెట్టి, మగ రెక్కల పురుగులు పడడం మొదలవగానే కార్డులు తెప్పిస్తాను. వాటిని ముక్కలుగా కత్తిరించి, ఎండ తగలకుండా ఆకుల అడుగున, చల్లని వేళలో, చేనంతటా పరచినట్లు కడతాను. నాలుగైదు రోజుల తర్వాత భూతద్దంతో చూస్తే బదనిక సోకిన గుడ్లు నల్లగా మారి కనిపిస్తాయి. ఆ నల్లని గుడ్లే మనకు నమ్మకమైన ఆధారం. చీమలు కార్డు మీది గుడ్లను ఎత్తుకుపోతాయి కనుక బదనికలు రేపో మాపో బయటికి వస్తాయనగా కట్టడం మేలు.

సాయంకాలం:
గుడ్డుదశ గారు సమయం గురించి చెప్పినది ఎన్.పి.వి. (పురుగులకు వ్యాధి కలిగించే వైరస్) ద్రావణానికి కూడా వర్తిస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఈ వైరస్ త్వరగా నిర్వీర్యమవుతుంది గనుక పొద్దు వాలాకే పిచికారీ చేయాలి. పురుగు దానిని తిన్నప్పుడే వ్యాధి సోకుతుంది, అదీ చిన్న దశలో ఉన్న పురుగులకే బాగా సోకుతుంది. వ్యాధి ముదిరిన పురుగులు మొక్క చివరికి ఎగబాకి, తలకిందులుగా వేలాడుతూ చనిపోతాయి. చర్మం చిట్లి కారే ద్రవంతో కింది ఆకుల మీద వైరస్ మరింత వ్యాపిస్తుంది.

వేరుమూలం:
నా అనుభవం ట్రైకోడెర్మా అనే మిత్ర శిలీంధ్రంతో. వేరుకుళ్ళు తెగులు కనిపించాక మొక్కల మొదళ్ళలో పొడి చల్లడం కంటే, విత్తే ముందే మాగిన పశువుల ఎరువులో దానిని వృద్ధి చేసి నేలకు అందించడం ఎంతో మేలని గమనించాను. ఎరువులో పొడిని కలిపి, తేమ ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ, గోనెసంచులు కప్పి నీడలో ఉంచితే, మొదట తెల్లని పోగులు అల్లుకుని క్రమంగా ఆకుపచ్చగా మారతాయి. నేలలో తేమ ఉన్నప్పుడే దానిని వేయాలి. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశినితో విత్తనశుద్ధి చేసి, అదే విత్తనానికి ట్రైకోడెర్మా కూడా పట్టించేవారిని చూసి బాధ కలుగుతుంది. శిలీంధ్రనాశినికి ఏది తెగులో ఏది మిత్రుడో తెలియదు కదా.

పచ్చనిచేను:
ఎంతో ఉపయోగకరంగా రాశారు. మరి పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) ఉన్నచోట వాటిని తినే అక్షింతల పురుగులు వాటంతట అవే వస్తాయంటారు. కొన్ని చేలలో ఎందుకు నిలవడం లేదు?

ఆకుఅడుగు:
ముందు చీమలను గమనించండి. పేనుబంక విసర్జించే తియ్యని ద్రవం కోసం చీమలు వాటికి కాపలా కాస్తూ మిత్రపురుగులను తరిమివేస్తాయి. ఇక అక్షింతల పురుగు పిల్లలు తల్లిని ఏమాత్రం పోలి ఉండవు; నల్లని పొడవాటి ఒంటి మీద నారింజ మచ్చలతో చిన్న మొసలిలా కనిపించే వాటిని హానికరమైన పురుగులనుకుని చంపేసేవారు చాలామంది ఉన్నారు. అదే కుటుంబంలో వంగ ఆకులను గీకి తినేవి కూడా ఉన్నాయి గానీ, వాటిలో పెద్ద పురుగుల ఒంటి మీద సన్నని నూగు ఉండి మెరుపు ఉండదు. పేనుబంక గుంపులో ఉబ్బి, గోధుమరంగుకు మారి, కదలకుండా ఉన్నవి కనిపిస్తే బదనికలు పని మొదలుపెట్టాయని అర్థం. వాటి వీపు మీద గుండ్రని రంధ్రం ఉంటే లోపలి బదనిక అప్పటికే బయటికి వెళ్ళిపోయిందన్నమాట. అటువంటి సమయంలో మందు చల్లితే పేనుబంక త్వరగానే తిరిగి పుంజుకుంటుంది, మిత్రపురుగుల సంతతి మాత్రం అంత త్వరగా కోలుకోదు.

పాతపుటలు:
ఆకుఅడుగు గారి చివరి మాటకు చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. కాలిఫోర్నియా నారింజ తోటలను నాశనం చేస్తున్న ఒక పొలుసు పురుగు కోసం 1888లో ఆస్ట్రేలియా నుండి వెడాలియా అనే అక్షింతల పురుగులను తెప్పించగా, అవి ఒకటి రెండేళ్ళలోనే దానిని అదుపు చేశాయి. 1940లలో ఆ తోటలలో డీడీటీ వాడకం మొదలయ్యాక వెడాలియాలు చనిపోయి, దశాబ్దాల పాటు అణిగి ఉన్న పొలుసు పురుగు మళ్ళీ విజృంభించింది.

కలుపుచింత:
కలుపు మొక్కల మీద ఇలాంటి కీటకాలను మనమే వేరేచోటి నుండి తెచ్చి వదలవచ్చా?

పాతపుటలు:
దయచేసి ఆ పని చేయవద్దు. ఆస్ట్రేలియాలో కోట్ల ఎకరాలను ఆక్రమించిన నాగజెముడును, 1925లో అర్జెంటీనా నుండి తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ అనే రెక్కల పురుగు కొద్ది సంవత్సరాలలోనే కూల్చివేసింది. అక్కడ ఆ జాతి కలుపు పరాయిది కాబట్టి అది మేలు చేసింది. అదే పురుగు 1989లో ఫ్లోరిడాలో కనిపించినప్పటి నుండి అక్కడి సహజమైన నాగజెముడు జాతులకు ముప్పుగా మారింది. ఇక చెరకు తోటల పెంకు పురుగుల కోసం 1935లో ఆస్ట్రేలియాలో వదిలిన కేన్ టోడ్ కప్పలు ఆ పురుగులను తగ్గించలేదు సరికదా, తమను తిన్న స్థానిక జంతువులను తమ విషంతో చంపుతూ వ్యాపించాయి. కప్ప దొరికినదల్లా తింటుంది. కలుపు నియంత్రణకు ఎంచుకునే కీటకం మాత్రం ఆ మొక్క లేకపోతే ఆకలితో చనిపోవాలే గానీ వేరే పైరు ముట్టకూడదు. ఆ కలుపుకు దగ్గరి బంధువులైన మొక్కల మీద, ముఖ్యమైన పైర్ల మీద, మూసిన గదులలో పరీక్షించి నిర్ధారించుకున్న తర్వాతే అధికారికంగా అనుమతి ఇస్తారు. మీ చేనిలో ఏ కలుపు ఉందో, దాని మీద ఇప్పటికే ఏవైనా పురుగులు తింటున్నాయో ఫొటోలతో పెట్టండి. ముందుగా ఉన్నవాటిని గుర్తిద్దాం.