ఇంటర్వెల్ పరుగు చేస్తున్నా పొట్ట తగ్గట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

నాకు 36 ఏళ్లు, 84 కిలోలు, ఉండేది వైజాగ్. రెండు నెలలుగా వారానికి నాలుగు రోజులు పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో 30 సెకన్లు గట్టిగా పరిగెత్తి 90 సెకన్లు నడుస్తూ, అలా ఎనిమిది రౌండ్లు చేస్తున్నాను. ఆయాసం బాగా తగ్గింది, కానీ నడుము 38 అంగుళాల దగ్గరే ఆగిపోయింది. పరుగు అయ్యాక ఆకలి తట్టుకోలేక ఆరేడు ఇడ్లీలు తినేస్తున్నాను, బహుశా దెబ్బ అక్కడే పడుతోందేమో. ఈ వారం నుంచి ఎడమ మోకాలు కూడా నొప్పి, అదొక టెన్షన్. 20 సెకన్లు తొక్కి 10 సెకన్లు ఆగే టబాటా పద్ధతిలో సైకిల్ మీద చేస్తే మోకాలికి నయమా, లేక రెండు రోజులకు తగ్గించి మిగతా రోజులు నడక, బరువులు పెట్టుకోవాలా? నాన్నగారికి షుగర్, అందుకే నాకు ఇది చాలా ముఖ్యం. ఇలా చేసి నిజంగా కొవ్వు తగ్గినవాళ్లు ఏం తిన్నారో, ఎన్నాళ్లు పట్టిందో దయచేసి చెప్పండి.