దోషం తూకానిదా, కంచానిదా?

నల్లకుంట బ్యాంకు ఉద్యోగి:
నాకు 49 ఏళ్లు, ఎత్తు 168 సెంటీమీటర్లు. ఆరు నెలల క్రితం మా బ్యాంకు చేయించిన ఆరోగ్య పరీక్షల్లో బరువు 84 కిలోలు, బీపీ 148/94, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 246 అని తేలింది. స్కానింగులో ఫ్యాటీ లివర్ మొదటి గ్రేడు అన్నారు. డాక్టరుగారు అప్పటికి మాత్రలేవీ రాయకుండా, ముందు పది కిలోలు తగ్గి రమ్మన్నారు.

ఆ రోజు నుంచి రాత్రి అన్నం మానేసి రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు ఆకుకూర పప్పు తింటున్నాను. మధ్యాహ్నం బాక్సులో అన్నం సగానికి తగ్గి ఆ చోటులోకి కూర వచ్చింది. బ్రాంచి ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో రోజూ మూడు చాయ్‌లు, ఆరు ఉస్మానియా బిస్కెట్లు నడిచేవి. ఇప్పుడు ఒక్క చాయ్ మిగిలింది, బిస్కెట్లు పోయాయి. ఊరగాయ ఆదివారానికి పరిమితమైంది. ఇంత చేసినా బరువు 81 దగ్గరే ఆగిపోయింది. కానీ బీపీ 132/84కి, ట్రైగ్లిజరైడ్లు 168కి దిగాయి.

మా బావగారు దీన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. తూకం దిగనిదే ఏ రిపోర్టూ నమ్మవద్దని, పొట్ట ఉన్నంతకాలం గుండెకు ముప్పు ఉన్నట్టేనని ఆయన వాదన. నాళాలను పాడుచేసేది తిండి గనుక తిండి మారితే చాలునని నా వాదన. పండక్కి కలిసినప్పుడల్లా ఈ గొడవ తెగడం లేదు. తెలిసినవారు ఆధారాలతో చెప్పగలరని ఇక్కడ పెడుతున్నాను.

కూకట్‌పల్లి రన్నర్:
నేను మీ బావగారి పక్షం. పొట్టలోని కొవ్వు బియ్యం బస్తాలాగా ఒక మూల ఊరికే పడి ఉండే సరుకు కాదు. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు పోర్టల్ సిర ద్వారా కాలేయానికి చేరతాయి. కాలేయం కొంత దాచుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి పంపుతుంది. ఆ కొవ్వు కణాల నుంచే వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు, బీపీని పెంచే యాంజియోటెన్సినోజెన్ కూడా వెలువడతాయి. మీరు ఎంత మంచి కూర తిన్నా ఈ కార్ఖానా రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది.

2023లో వెలువడిన సెలెక్ట్ అనే పరిశీలనలో, గుండె జబ్బు ఉండి మధుమేహం లేని, అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్న 17,604 మందిలో కొందరికి బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షను, మిగిలినవారికి మందు లేని ఉత్తి ఇంజెక్షను ఇచ్చారు. మందు తీసుకున్నవారు సగటున తొమ్మిది శాతానికి పైగా బరువు తగ్గారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి 20 శాతం తగ్గాయి. కాలేయం సంగతికొస్తే, అందులోని వాపు తగ్గాలంటే శరీర బరువులో కనీసం ఏడు నుంచి పది శాతం దిగాలి. మీ 84లో ఏడు శాతం అంటే దాదాపు ఆరు కిలోలు. మీరు సగం దారిలో కూర్చుని గమ్యం చేరానంటున్నారు.

తార్నాక అధ్యాపకురాలు:
ముప్పై ఏళ్లు శరీరధర్మశాస్త్రం బోధించిన దానిని గనుక నేను నాళం లోపలి నుంచి మొదలుపెడతాను. ధమని లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందంలో ఎండోథీలియం అనే పొర ఉంటుంది. రక్తం ఒరిపిడి పెరిగినప్పుడు ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది, దానితో ధమని సడలి వెడల్పవుతుంది. ఈ చిన్న వాయువు చేసే పనిని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. పొర ఆరోగ్యాన్ని కొలవడం కూడా సులువే: చేతికి బీపీ పట్టీ చుట్టి ఐదు నిమిషాలు బిగించి వదిలితే, రక్తం ఒక్కసారిగా దూసుకొస్తుంది, అప్పుడు ధమని ఎంత విప్పారిందో అల్ట్రాసౌండులో చూస్తారు. కొవ్వు దట్టంగా ఉన్న ఒక్క ఫలహారం తిన్న తరువాత, ఆరోగ్యవంతులలో సైతం ఈ విప్పారడం కొన్ని గంటలపాటు మందగిస్తుందని 1997లోనే చూపించారు. ఒక్క పూటలో ఎవరి తూకమూ మారదు కదా. ఇక్కడ పనిచేసింది కంచమే.

రన్నరుగారు చెప్పిన కార్ఖానాను నేను కాదనడం లేదు. కానీ కంచానికి స్వతంత్రమైన శక్తి ఉందా అన్న ప్రశ్నకు నేరుగా జవాబిచ్చిన పరిశీలన ఒకటుంది. 1997లో ప్రచురితమైన డాష్ ప్రయోగంలో 459 మందికి వండిన భోజనాన్నే సరఫరా చేశారు. పళ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాల పదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం ఒక వర్గానికి, మామూలు అమెరికా భోజనం మరొక వర్గానికి పెట్టి, అందరి బరువూ మారకుండా కావాలనే కేలరీలను సరిచూస్తూ వచ్చారు. ఉప్పు కూడా అందరికీ సమానమే. ఎనిమిది వారాలకు, అంతకుముందే అధిక రక్తపోటు ఉన్నవారిలో పై అంకె, మామూలు భోజనం తిన్నవారితో పోలిస్తే 11 పాయింట్లకు పైగా దిగింది. తూకం అంగుళం కదలలేదు, బీపీ దిగింది.

స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ కూడా ఇటువంటిదే. ఆలివ్ నూనె గానీ బాదం, వాల్‌నట్ వంటి గింజలు గానీ ఎక్కువగా తిన్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 30 శాతం తక్కువగా కనిపించాయి, కేలరీలు తగ్గించుకోమని ఎవరికీ చెప్పలేదు. 2013లో వచ్చిన ఆ వ్యాసాన్ని, మనుషులను వర్గాలుగా విడదీయడంలో లోపం బయటపడి వెనక్కు తీసుకుని, 2018లో మళ్లీ లెక్కగట్టి వేశారన్నది కూడా చెప్పడం న్యాయం. ఫలితం పెద్దగా మారలేదు.

కూకట్‌పల్లి రన్నర్:
మేడమ్, మీ ఇంటికి దగ్గరలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో పుట్టుకతోనే లావెక్కే ఎలుకల జాతి ఒకటి ఉందని మీకు నాకంటే బాగా తెలుసు. వాటికీ, సన్నగా ఉండే తోబుట్టువులకూ వేసే దాణా ఒక్కటే. అయినా జన్యువులోని తేడా వల్ల అవి విపరీతంగా లావెక్కి, ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు పెరిగి, త్వరగా చనిపోతాయి. కంచం ఒకటే, తూకం వేరు, జబ్బు తూకం వెంట వెళ్లింది. దీనికి ఏమంటారు?

తార్నాక అధ్యాపకురాలు:
మంచి ఉదాహరణే, కానీ ఒక్క మాట వదిలేశారు. ఆ ఎలుకలకు కడుపు నిండిన సంగతి మెదడుకు సరిగా అందదు గనుక అవి అదే దాణాను తోబుట్టువులకంటే చాలా ఎక్కువగా తింటాయి. ఎంత తిన్నామన్నది కూడా కంచంలోని లెక్కే. అయితే అంత కొవ్వు చేరాక అది తనంతట తానే హాని చేస్తుందన్న మీ మాటను ఒప్పుకుంటాను. మూత్రపిండాలలో అది మరీ స్పష్టం. శరీరం పెరిగేకొద్దీ వడపోత భారం పెరిగి, గ్లోమెరులస్ అనే ఒక్కొక్క చిన్న జల్లెడలో ఒత్తిడి పెరుగుతుంది. మొదట్లో జల్లెడలు పెద్దవై ఎక్కువ వడపోస్తాయి గనుక, మూత్రపిండాల పనితీరు కోసం రక్తంలో చూసే క్రియాటినిన్ చక్కగా ఉందనిపిస్తుంది. తరువాత వాటి కన్నాలు సాగి మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రోటీను కారడం మొదలవుతుంది. అందుకే బీపీ ఉన్నవారు క్రియాటినిన్ ఒక్కటే చూసుకుని ఊరుకోకూడదు. నల్లకుంటవారు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించారో లేదో రాయలేదు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) సంగతి కూడా రాయలేదు. ధమని గోడలో పూడికకు అసలు ముడిసరుకు అదే.

పాతబస్తీ చాయ్‌వాలా అభిమాని:
నాది చిన్న ప్రశ్న. మా మామగారు జీవితంలో 62 కిలోలు దాటలేదు, ప్యాంటు జారకుండా బెల్టుకు అదనంగా చిల్లులు పొడిపించుకునే మనిషి. 44వ ఏట స్టెంటు పడింది. సిగరెట్టు లేదు. ఆయన తూకం దోషమేమిటో రన్నరుగారు చెప్పాలి.

అమీర్‌పేట డైటీషియన్:
మీ మామగారి వంటి వారి గురించే 2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిత్రమైన ఫొటో వచ్చింది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యూడ్‌కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే కొలమానం) అక్షరాలా ఒక్కటే, 22.3. యూడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతమైతే, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మన వాళ్లకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అందుకే భారతీయులకు 25 బీఎంఐ నుంచే స్థూలకాయంగా లెక్కించాలని, నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదని మన వైద్యులు 2009లో నిర్ణయించారు. చర్మం కింద ఉన్న కొవ్వు అంత ప్రమాదకారి కాదు. 2004లోనే మరో ప్రయోగంలో 15 మంది స్థూలకాయ మహిళలకు పొట్ట చర్మం కింద నుంచి దాదాపు పది కిలోల కొవ్వును లైపోసక్షన్‌తో తీసేశారు. తూకం దిగింది గానీ, కొన్ని వారాల తరువాత చూస్తే ఇన్సులిన్ పనితీరు, బీపీ, కొలెస్ట్రాల్ ఏవీ బాగుపడలేదు. రన్నరుగారి తూకం వాదానికి ఇది గట్టి దెబ్బే.

ఇంకొకటి కూడా ఉంది. లుక్ అహెడ్ అనే అమెరికా పరిశీలనలో మధుమేహం ఉన్న 5,145 మందిలో సగం మందిని తిండి తగ్గించి, నడిపించి, మొదటి ఏడాదిలో సగటున 8.6 శాతం బరువు తగ్గించారు. పదేళ్లకు దగ్గరయ్యేసరికి గుండెపోట్లలో తేడా లేదని తేలి 2012లో దాన్ని ఆపేశారు. కానీ అదే పరిశీలనలో మూత్రపిండాల జబ్బు ముదరడం మాత్రం తగ్గింది. ఏ అవయవం గురించి అడుగుతున్నామో దాన్ని బట్టి జవాబు మారుతోంది, ఇది ఏ పక్షానికీ మింగుడుపడదు. సెలెక్ట్ విషయానికొస్తే, దాని లెక్కలను తరువాత మరింత లోతుగా చూసినప్పుడు, మందు వల్ల కలిగిన మేలులో నడుము తగ్గడం ద్వారా వచ్చినది దాదాపు మూడో వంతేనని తేలింది.

నల్లకుంటవారి అంకెలలో నాకు కనిపించేది ఇది. ట్రైగ్లిజరైడ్లు దిగడం అన్నం, బిస్కెట్లు, చాయ్‌లోని చక్కెర తగ్గడం వల్ల. మిగులు పిండిపదార్థాన్నీ చక్కెరనూ కాలేయమే కొవ్వుగా మారుస్తుంది. బీపీ దిగడంలో పెద్ద వాటా ఊరగాయ తగ్గించడానిది కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి రోజుకు ఐదు గ్రాముల ఉప్పు, అది ఒక చెంచా కూడా కాదు, ఆవకాయ అన్నం రెండు పూటలా తినే ఇంట్లో అది ఎక్కడికక్కడ దాటిపోతుంది. పాత బేకరీ బిస్కెట్లలో వనస్పతి వాడకం సంగతి వేరే చెప్పాలి. వనస్పతిలో ఉండే, గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వును ఆహారంలోని మొత్తం నూనె, కొవ్వుల్లో రెండు శాతానికి కట్టడి చేసే నిబంధన 2022 జనవరి నుంచే అమల్లోకి వచ్చింది. ఇక నా ప్రశ్న ఒక్కటే: మీ నడుము కొలత అప్పుడెంత, ఇప్పుడెంత?

కూకట్‌పల్లి రన్నర్:
లైపోసక్షన్ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. తూకం అన్న మాటను వెనక్కు తీసుకుని, లోపలి కొవ్వు అంటాను. కానీ ఆ కొవ్వు కరగాలంటే మామూలు మనిషికి బరువు తగ్గడం తప్ప వేరే దారి ఏముంది? డాష్ బీపీని దించింది, ఒప్పుకున్నాను. ఎనిమిది వారాల్లో బీపీ దిగడం వేరు, ఇరవై ఏళ్లలో గుండెపోటు రాకపోవడం వేరు.

తార్నాక అధ్యాపకురాలు:
లోపలి కొవ్వు అన్నారు గనుక మన మధ్య తగాదా సగం తీరినట్టే. మిగిలిన సగానికి జవాబు మీ పరుగులోనే ఉంది: వ్యాయామం చేసినవారిలో తూకం పెద్దగా దిగకుండానే కాలేయంలోని కొవ్వు, పొట్ట లోపలి కొవ్వు తగ్గడం పలుమార్లు గమనించారు.

నల్లకుంట బ్యాంకు ఉద్యోగి:
నడుము కొలత అడిగారు, నేను ఎన్నడూ తీసుకోలేదు. నిన్న సాయంత్రం ఒక ఆలోచన వచ్చి మా టైలరు దగ్గరకు వెళ్లాను. ఆయన పదేళ్లుగా ఒకే పొడవాటి రూళ్ల పుస్తకంలో ఖాతాదారుల కొలతలు రాసుకుంటాడు. కిందటి దసరాకు కుట్టిన ప్యాంటు పేజీలో నా పేరు పక్కన నడుము 40 అని ఉంది. మళ్లీ కొలిపిస్తే 38 వచ్చింది. "రెండు అంగుళాలు దిగారు సార్, పాతవన్నీ టక్కు కొట్టాల్సిందే" అన్నాడు.

అమీర్‌పేట డైటీషియన్:
సంతోషం, కానీ ఆ కొలతను 90 సెంటీమీటర్ల గీతతో పోల్చకండి. టైలరు కొలిచేది బెల్టు కట్టే చోట, అంటే పొట్ట కిందికి జారిన చోట. వైద్యులు కొలిచేది చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక. ఉదయం పరగడుపున, చొక్కా తీసి, టేపు చర్మానికి ఆనేలా, బిగించకుండా కొలవండి. మూత్రంలో ఆల్బుమిన్, ఎల్‌డీఎల్ కూడా ఈ నెలలోనే చూపించుకోండి.

నల్లకుంట బ్యాంకు ఉద్యోగి:
ఈ రోజు పొద్దున మా ఆవిడ కుట్టుమిషను టేపుతో మీరు చెప్పినట్టే కొలిచింది. 101 వచ్చింది. అంటే గీతకు ఇంకా 11 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాను. రక్త, మూత్ర పరీక్షలకు సోమవారం వెళుతున్నాను.

ఆ సమయానికి బావగారు ఇంట్లోనే ఉన్నారు. ఆయన 66 కిలోలు, నా బరువు మీద వ్యాఖ్యానాలన్నీ ఆయనవే. ఒకసారి నిలబడమంటే నవ్వుతూ నిలబడ్డారు. 94 వచ్చింది. కుట్టుమిషను టేపులు సాగిపోయి ఉంటాయని ఆయన అంటున్నారు, అందుకని ఆదివారం ఇద్దరం టైలరు దగ్గరకు వెళ్లి ఇనుప టేపుతో సరిచూసుకోబోతున్నాం.