'వీకోంత్'ను తెలుగులో ఏమని రాయాలి?

నమస్కారమండి. ఒక ఫ్రెంచ్ కథను తెలుగు చేస్తూ 'వీకోంత్' అనే బిరుదు దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. కౌంట్ అనే ప్రభువుకు బదులుగా పని చూసే అధికారి అని లాటిన్‌లో దీని మూలం. తర్వాత వంశపారంపర్య బిరుదైంది. ఇంగ్లీషులో ఇదే 'వైకౌంట్'. ఇంగ్లండులో 1440లో జాన్ బోమాంట్‌కు మొదటిసారి ఇచ్చారు. స్పెల్లింగులో ఎస్ రాస్తారు, కానీ పలకరు. ఇటలీవాళ్లు మాత్రం 'విస్కోంతె' అని పలుకుతారు కూడా.

నా కథ జరిగేది పారిస్‌లో. నౌకరు తలుపు తీసి "వీకోంత్ గారు వచ్చారమ్మా" అంటే అది ఆయన పేరనుకుంటారేమోనని టెన్షన్. 'వైకౌంట్' అంటే లండన్ గుర్తొస్తుంది. 'ఉపప్రభువు' మరీ కృతకం. 'జమీందారు' అంటే కథే మన ఊరికి వచ్చేస్తుంది!

ఫ్రెంచ్ నుంచి అనువదించినవాళ్లు మీరేం రాశారో దయచేసి చెప్పండి. ఆయన భార్య 'వీకోంతెస్' కూడా కథలో ఉంది, ఇద్దరికీ కుదిరే మాట కావాలి.