జిగురు ఆల్బమ్‌లో అతుక్కున్న ఫొటోలు, వెనక రాత పోకుండా తీయడం ఎలా?

తాతయ్య షష్టిపూర్తి ఫొటోలతో స్క్రాప్‌బుక్ పేజీలు చేస్తున్నాను. 1991 నాటి కలర్ ప్రింట్లు, పోస్ట్‌కార్డ్ సైజు. అప్పట్లో దొరికిన జిగురు ఆల్బమ్‌లో ఉన్నాయి. పైన ప్లాస్టిక్ తేలిగ్గానే వచ్చింది, అట్ట మీది జిగురు మాత్రం పసుపు తిరిగి గట్టిపడింది.

డెంటల్ ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం) ఫొటో కిందకి దూర్చి రంపంలా లాగితే అంచులే అతికినవి వచ్చేశాయి. వెనకంతా అతుక్కున్నవాటికి దారం మధ్యలో తెగుతోంది. హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో అట్ట వెనక నుంచి అర నిమిషం పెట్టాను. జిగురు మెత్తబడింది గానీ ఫొటో చుట్టుకుపోతోంది. జిప్ కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెడితే ఒకదాని మూల చిట్లింది, ఆపేశాను.

నీళ్లలో నానబెట్టమంటారు. అదే కుదరదు. ఊడివచ్చినవాటి వెనక అమ్మమ్మ ఇంకు పెన్నుతో పేర్లు, వరసలు రాసి ఉంది. పేజీలో నాకు అసలు కావలసింది ఆ రాతే. స్కాన్ చేయించుకోమని స్టూడియో సలహా, ముందువైపుకైతే సరే!

నీళ్లు తగలకుండా, ఇంకు చెదరకుండా, పూర్తిగా అతుక్కున్న ఫొటోని అట్ట నుంచి విడదీయడానికి ఏం వాడాలి?